సంపూర్ణమ్మగారికి మూడు గోతులు

సంపూర్ణమ్మగారు పోయిన రోజు పొద్దెక్కేసరికి ఆ వీధి మొదట్లో మూడు ఫ్లెక్సీలు వెలిశాయి.

మొదటిది కరెంటు స్తంభానికి కట్టారు. తెల్లచీర, కళ్ళజోడు, చేతిలో బైబిలు, ఎవరినో కోప్పడబోతున్నట్టున్న ముఖం. కింద ‘స్త్రీల సమాజం అధ్యక్షురాలు శ్రీమతి సంపూర్ణమ్మగారు ప్రభువునందు నిద్రించారు’ అని ఉంది. రెండోది ఇడ్లీబండి పక్క గోడకి. అందులో తలమీదుగా కొంగు కప్పుకున్న ముసలావిడ కళ్ళు మూసుకుని జపమాల పట్టుకుంది. ‘తెరేజమ్మగారి ఆత్మకు నిత్య విశ్రాంతి’ అని రాశారు. మూడోది అన్నిటికన్నా పెద్దది, రోడ్డుకి అడ్డంగా కట్టారు. రంగుల మబ్బుల మధ్య రెండు చేతులూ పైకెత్తి, పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వుతున్న ఆవిడ. ‘ప్రార్థనా యోధురాలు హెప్సిబా మమ్మీగారు మహిమలో ప్రవేశించారు.’

ఇడ్లీబండి ఛాయాదేవి ఆ మూడూ, మూడింటి కిందా ఉన్న ఒకే ఇంటి నంబరూ చదివి గరిటె పక్కన పెట్టేసింది. “ఒకే ఇంట్లో ముగ్గురా! రాత్రి ఏం తిన్నారో ఏమో,” అంది. ఆ మాట ఇడ్లీలతో పాటు పార్సిల్ అయి ఊళ్ళోకి వెళ్ళింది. కాసేపటికి సచివాలయం నర్సు రాజ్యశ్రీ బ్లీచింగ్ పౌడరు సంచితో స్కూటీ మీద వచ్చి ఇంటిముందు దిగింది.

ఇంట్లో ఫ్రీజరు బాక్సు పక్కన సంపూర్ణమ్మగారి కోడలు స్టెల్లా కూర్చుని ఉంది. కంకిపాడులోనే అంగన్‌వాడీ టీచరు. తెల్లవారుజామున అత్తగారు నిద్రలోనే పోయినప్పటినుంచీ ఆమె ఇంకా కాఫీ కూడా తాగలేదు.

“అక్కా, మీరు నీళ్ళెక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారు?” అంది రాజ్యశ్రీ.

“తాగుతావా? లోపల క్యానుంది.”

“అది కాదక్కా. ముగ్గురూ ఒకే రోజు పోయారంటే నేను పైకి రిపోర్టు పెట్టాలి. వాంతులేమన్నా అయ్యాయా?”

“ఏ ముగ్గురు?”

“సంపూర్ణమ్మగారు, తెరేజమ్మగారు, హెప్సిబాగారు.”

స్టెల్లా లేచి వీధి మొదటిదాకా నడిచింది. మొదటి ఫ్లెక్సీలో ఉన్నది అత్తగారే. రెండో దాని ముందు చాలాసేపు నిలబడింది. మూడోది చూసేసరికి ముందు గుర్తుపట్టింది మనిషిని కాదు, చీరని. కిందటి క్రిస్మస్‌కి తను కొన్న ఆకాశం రంగు చీర అది. ‘ఈ వయసులో నాకు రంగులెందుకే’ అని అత్తగారు మడత కూడా విప్పకుండా పెట్టెలో పెట్టేసిన చీర.

ఇంటికొచ్చి మొగుణ్ణి పక్కకి పిలిచింది. జాన్‌బాబు ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. నెమ్మదస్తుడు. బయట షామియానా వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

“ఏమండీ, మీరు పొద్దున ఎవరెవరికి చెప్పారు?”

“ఎవరికీ చెప్పలేదే. అమ్మ ఫొటో పెట్టి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను, అంతే.”

ఆ ఒక్క స్టేటస్ చేతులు మారి మూడు గుళ్ళకి చేరింది. మూడు చోట్లా ఆవిణ్ణి తమ మనిషిగా గుర్తుపట్టారు.

కంకిపాడులో వీళ్ళది మిషన్ చర్చి. పెద్ద గంట ఉండబట్టి అందరూ గంట గుడి అంటారు. ఊరికి ఆ చివర మేరీమాత గుడి. కాలవ అవతల, ఒకప్పుడు ధాన్యం గోడౌనుగా ఉన్న షెడ్డులో పెంతెకొస్తు వాళ్ళ రేకుల గుడి. సంపూర్ణమ్మగారు ఎక్కడికి బయల్దేరినా ‘గుడికెళ్ళొస్తా’ అనేవారు. ఏ గుడికని ఎవరూ అడగలేదు. తెల్లారకముందే బయటికెళ్తే డాక్టరు చెప్పిన నడక అనుకున్నారు. శుక్రవారం అన్నం మానేసి ఆటో ఎక్కితే ఎవరింట్లోనో ప్రార్థన ఉందనుకున్నారు. ఊరు మరీ చిన్నదేం కాదు. పైగా ఒక గుడివాళ్ళు ఇంకో గుడి వైపు తొంగిచూడటం అక్కడి అలవాటు కాదు.

గంట గుడి పాస్టరుగారు రెవరెండ్ ఎలీషా అందరికన్నా ముందొచ్చారు. పొడుగాటి మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు. ఆయన కుర్చీలో సర్దుకుంటుండగానే మేరీమాత గుడి ఫాదర్ మరియదాసు వచ్చారు. కుర్రవాడు, మెల్లగా మాట్లాడతాడు. ఆయన వెనకే స్పీకరు బాక్సు మోయించుకుంటూ రేకుల గుడి పాస్టర్ బసవయ్య. రక్షణ పొందకముందు ఆయన లారీ నడిపేవాడు. గొంతు ఇంకా హైవే మీదే ఉంది.

“ఫాదర్‌గారూ, పలకరించడానికి మీరూ వచ్చారా! సంతోషం,” అన్నారు ఎలీషా.

“పలకరింపు కాదండి. మా తెరేజమ్మగారి భూస్థాపన కదా.”

“ఎవరి భూస్థాపనండీ?” అన్నాడు బసవయ్య. “మమ్మీగారు మా సంఘస్థురాలు. నా చేతులతో కాలవలో బాప్తిస్మం ఇచ్చాను.”

ముగ్గురూ లేచి ఫ్రీజరు బాక్సు దగ్గరికెళ్ళి అద్దంలోంచి లోపలికి చూశారు. మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఈవిడేనండి,” అన్నారు ఫాదర్. “నేనొచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఉదయం పూజకి వచ్చేవారు. చివరి బెంచీ. పాపం మూగావిడైనా...”

“మూగా?” అన్నారు ఎలీషా. హాల్లో ఉన్న స్త్రీల సమాజం వాళ్ళంతా ఒక్కసారి తలెత్తారు. “సంపూర్ణమ్మగారు మూగా? ఫాదర్‌గారూ, ఆవిడ నోటికి తట్టుకోలేక నా దగ్గర ఇద్దరు కార్యదర్శులు రిజైన్ చేశారు. నా ప్రసంగం మధ్యలో లేచి నిలబడి, ‘అది కాదు అయ్యగారూ’ అనేవారు. నా ముందున్న అయ్యగారు ట్రాన్స్‌ఫర్ అడుక్కున్నదే ఆవిడ వల్ల.”

ఫాదర్ మళ్ళీ అద్దంలోకి వంగి చూశారు. “నాకు ముందున్న ఫాదర్‌గారు చార్జి ఇస్తూ చెప్పారండి, చివరి బెంచీలో ఆవిడకి మాట రాదని. అందుకే పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి కూడా ఎప్పుడూ పిలవలేదు.”

“మా దగ్గర మాట్లాడ్డమూ లేదు, పోట్లాడ్డమూ లేదండి,” అన్నాడు బసవయ్య. “కంజీర పట్టుకుని ఎగిరేవారు. ఆరాధన మొదలైతే మమ్మీగార్ని ఆపడం కుర్రాళ్ళ వల్ల కూడా అయ్యేది కాదు.”

బాక్సు పక్కనున్న స్టెల్లా లేచింది. “ఎగిరేవారా?”

“నేలమీద కాలు నిలిచేది కాదు సిస్టర్!”

“మోకాళ్ళ నొప్పులని ఇన్నేళ్ళూ నాచేత రోజూ ఆయింట్‌మెంటు రాయించుకున్నారండీ! కింద పడ్డ గరిటె కూడా వంగి తీసేవారు కాదు!”

జాన్‌బాబు ఫ్రీజరు బాక్సు వైపు ఒకసారి చూసి, అమ్మ వింటుందేమో అన్నట్టు గొంతు తగ్గించి, “పోన్లే స్టెల్లా,” అన్నాడు.

పోనిచ్చే విషయం కాదది. ఎవరు ప్రార్థన చెయ్యాలి, ఎవరి పాట పాడాలి, చేతిలో బైబిలు పెట్టాలా జపమాల పెట్టాలా అని మొదలైంది. మేరీమాత గుడి ఆడవాళ్ళు జపమాల పెట్టారు. గంట గుడి ఆడవాళ్ళు అది తీసి బైబిలు పెట్టారు. రేకుల గుడి ఆడవాళ్ళు మెళ్ళో గొలుసు తియ్యాలన్నారు. బయట మూడు గాయక బృందాలు మూడు పాటలు ఒక్కసారే ఎత్తుకున్నాయి. బసవయ్యగారి స్పీకరు పెద్దది కావడంతో మిగతా రెండు పాటల వాళ్ళూ చెవులు మూసుకుని పాడుతున్నారు.

ఆ గోలలో కర్ర పొడుచుకుంటూ ఒక ముసలాయన లోపలికొచ్చాడు. పంచె, భుజాన కండువా, నుదుటిమీద నిలువుబొట్టు, చంకలో కాగితం పొట్లం. సరాసరి బాక్సు దగ్గరికెళ్ళి, “వెంకటరావమ్మక్కా!” అని గొల్లుమన్నాడు.

ముగ్గురు బోధకులూ ఆయన వైపు తిరిగారు. ఇంకొక పేరు.

“మీదే చర్చి అండీ?” అన్నాడు బసవయ్య, కాస్త అనుమానంగా.

“మాది పెడనండి,” అన్నాడాయన.

ఆయన ఏడుకొండలు, సంపూర్ణమ్మగారి తమ్ముడు. పెడనలో నేతపని వాళ్ళది. సంపూర్ణమ్మగారు ఆ ఇంట్లో వెంకటరావమ్మగానే పుట్టారు. వాళ్ళ నాన్న కాలికి పుండు లేచినప్పుడు కట్టు కట్టడానికి వచ్చిన ఆరోన్ అనే కాంపౌండరుని ఇష్టపడి, పుండు మానేలోపే ఆయనతో వచ్చేశారు. కంకిపాడు బస్టాండు దగ్గర ఆరోన్ మందులషాపు పెట్టాడు. ఆయన పోయాక చాలా ఏళ్ళు సంపూర్ణమ్మగారే దాన్ని నడిపారు. అడిగిన మందుకన్నా అడగని సలహా ఎక్కువ ఇస్తారని పేరు. పుట్టింటివాళ్ళు గడప తొక్కనివ్వలేదు గానీ, ఈ తమ్ముడు మాత్రం చిన్నప్పటినుంచీ దొంగచాటుగానూ, తండ్రి పోయాక బాహాటంగానూ వచ్చిపోతుండేవాడు. జాన్‌బాబు ఆయన్ని మావయ్యా అంటాడు. స్టెల్లా బాబాయ్‌గారూ అంటుంది.

ఆయన పొట్లం విప్పాడు. ఎర్రంచు పసుపు చీర. “పుట్టింటి చీర అమ్మాయ్. మావాడు నేశాడు. కొంగు మాత్రం నేనే నేశాను. చూపు ఆనట్లేదు, కాస్త వంకరొచ్చింది.”

స్టెల్లా ఆ చీర తీసుకుని అత్తగారి మీద కప్పింది. బైబిలూ, జపమాలా, గొలుసూ అన్నీ దాని కిందకెళ్ళిపోయాయి. ఎవరికీ ఏదీ కనిపించక ఆ తగువు అంతటితో ఆగింది.

“బాబాయ్‌గారూ, మీకు తెలుసా ఈ మూడు గుళ్ళ సంగతి?”

“మా అక్కది చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. పెళ్ళికెళ్తే రెండువైపులా భోంచేసేది.”

మధ్యాహ్నం దాటింది. ఆగస్టు నెల, పైన మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. బోధకులు ముగ్గురూ ఇంకా తేల్చుకోలేదు. అప్పుడు సమాధుల తోట నుంచి గోతులు తవ్వే మాణిక్యం ఫోన్ చేశాడు. ఊళ్ళో మూడు గుళ్ళకీ అతనే తవ్వుతాడు.

“మూడూ తయారండి. పెట్టెలెప్పుడొస్తాయి?”

“మూడేంటి?” అన్నాడు జాన్‌బాబు.

“గంట గుడోళ్ళు సంపూర్ణమ్మగారికి తియ్యమన్నారు. ఫాదర్‌గారు తెరేజమ్మగారికన్నారు. బసవయ్యగారు హెప్సిబాగారికన్నారు. ముగ్గురనుకుని ఇంకో ఇద్దర్ని పెట్టుకుని తీశానండి. ఇప్పుడొకటే పెట్టంటే ఎట్టా? తీసిన గొయ్యి ప్రార్థన లేకుండా వదలకూడదండి, అరిష్టం.”

ఆ మాట ఫోను స్పీకరులో అందరూ విన్నారు. ముగ్గురు బోధకులూ ఈ విషయంలో మాత్రం ఒక్క మాట మీదకొచ్చారు. గొయ్యి వదలకూడదు.

స్టెల్లా కొంగు బిగించింది. “అయ్యగారూ, ఫాదర్‌గారూ, పాస్టరుగారూ, వినండి. మా సెంటర్లో కొండపల్లి బొమ్మ ఒక్కటే ఉంది. పిల్లలు అది నాదంటే నాదని కొట్టుకుంటుంటే నేను వంతులు పెడతాను. మీకూ అంతే. మూడు చోట్లా దించుదాం, మూడు చోట్లా ప్రార్థన చేసుకోండి. ఆఖర్న మామయ్యగారి పక్కన పెట్టేద్దాం.”

“రూల్సులో ఇలా లేదండి,” అన్నారు ఫాదర్ మరియదాసు.

“కూడదని ఎక్కడైనా ఉందా ఫాదర్?”

ఆయన ఆలోచించారు. “అలా కూడా లేదండి.”

సమాధుల తోట కాలవ గట్టు పక్కన ఉంది. మధ్యలో ఒక గోడ. గోడకి ఇటు గంట గుడి వాళ్ళ సమాధులు, అటు మేరీమాత గుడి వాళ్ళవి. కాలవని ఆనుకుని పల్లంలో ఉన్న సన్నటి చోటు రేకుల గుడిది.

మొదటి వంతు ఎలీషా గారిది. ఆరోన్ సమాధి పక్కనే గొయ్యి. పెట్టెను తాళ్ళతో దించారు. ఆయన ప్రార్థన చేశారు, అందరూ పిడికెడు మట్టి వేశారు, ఆమెన్ అన్నారు. పెట్టె మోస్తున్న కుర్రాళ్ళు మళ్ళీ తాళ్ళు పట్టి పైకి లాగారు. కిందకి దించడం అలవాటే గానీ పైకి లాగడం వాళ్ళకి కొత్త. ఒకసారి పెట్టె ఏటవాలుగా లేచి, లోపల ఏదో జారిన చప్పుడైంది. “మెల్లగా రా,” అన్నాడు జాన్‌బాబు, చెమట తుడుచుకుంటూ. “మోకాళ్ళు.”

గోడ చుట్టూ తిరిగి రెండో గొయ్యి దగ్గరికెళ్ళారు. ఫాదర్ ధూపం వేసి, పవిత్ర జలం చల్లి, పెట్టె దగ్గర వంగి లోగొంతులో ఏదో చెప్పారు. బహుశా క్షమాపణ. మళ్ళీ లాగారు.

మూడో గొయ్యి దగ్గరికి వచ్చేసరికి మోసేవాళ్ళు అడుగడుక్కీ భుజం మార్చుకుంటున్నారు. బసవయ్య మైకు సర్దుకున్నాడు. పెట్టె దించారు. దించుతుంటే తాళ్ళ మీద బరువు తేలికైపోయింది. కాలవకి నీళ్ళు వదిలిన రోజులు, పల్లపు నేల. పొద్దున తీసిన గోతిలోకి నీళ్ళూరి సగానికి వచ్చాయి. పెట్టె మునగలేదు. తేలింది. తేలుతూ మెల్లగా పక్కకి తిరిగి, తల ఉండాల్సిన వైపు కాళ్ళు పెట్టుకుని ఆగింది.

మోసేవాళ్ళు తాళ్ళు పట్టుకునే బసవయ్య వైపు చూశారు.

“హల్లెలూయా!” అన్నాడు బసవయ్య. “ఇది బాప్తిస్మమండీ!”

“ఆవిడకి మా దగ్గర అయిపోయిందండి,” అన్నారు ఎలీషా.

“మా దగ్గర కూడా,” అన్నారు ఫాదర్.

“మా దగ్గరా అయ్యిందండి. ఇది ఆ కాలవ తనంతట తనే ఇచ్చింది,” అన్నాడు బసవయ్య.

నీళ్ళలో నానిన తాళ్ళు పట్టుకుని ఎలాగో పైకి లాగి గట్టున పెట్టి, మోసేవాళ్ళు నేలమీద కూలబడ్డారు. జాన్‌బాబు గోడ తిరిగి మొదటి గొయ్యి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ గొయ్యి లేదు. నాన్న సమాధి పక్కన చక్కగా పోగుచేసి పారతో చదును చేసిన మట్టి దిబ్బ ఉంది. దానిమీద పూలదండ కూడా వేసి, పక్కన మాణిక్యం బీడీ కాలుస్తున్నాడు.

“పూడ్చేశావేంటయ్యా!”

“మట్టి వేశారు, ఆమెన్ అన్నారు. పూడ్చానండి. లోపల పెట్టుందో లేదో చూడ్డం నా పని కాదు కదండి. మళ్ళీ తియ్యాలంటే మనుషులు లేరు. ఆ ఇద్దరూ వెళ్ళిపోయారు.”

జాన్‌బాబు వెనక్కొచ్చాడు. నడుం ఎత్తు ఉన్న గోడ మీద ఏడుకొండలు కూర్చుని ఉన్నాడు. స్టెల్లా పక్కన నిలబడి కండువాతో ఆయనకి విసురుతోంది. ఆయన తోట బయటికి, రోడ్డు వైపు చూస్తున్నాడు.

“ఆ షెడ్డేంటమ్మాయ్?”

“వాటర్ ప్లాంటు బాబాయ్‌గారూ. క్యాన్లు అక్కణ్ణుంచే వస్తాయి.”

“అక్కడే పాపని పెట్టింది.”

“ఏ పాపని?”

ఏడుకొండలు జాన్‌బాబు వైపు చూశాడు. “నీ అక్కరా అల్లుడూ. నీకన్నా ముందు పుట్టింది. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. నేనూ అప్పటికి పిల్లాణ్ణే, మా అమ్మ చూసి రమ్మంటే వచ్చాను. ఏడాది నిండలేదు, జ్వరమొచ్చింది. బాప్తిస్మం ఇచ్చే అయ్యగారు బెజవాడ నుంచి రావాలి, వర్షాలకి రాలేకపోయాడు. బాప్తిస్మం రోజునే పేరు పెడదామనుకున్నారు. పేరు లేకుండానే పోయింది. బాప్తిస్మం లేని పిల్లని లోపల పెట్టనివ్వలేదు. తోట బయట పెట్టించారు.”

స్టెల్లా విసరడం ఆపేసింది.

“మా అక్క అందర్నీ అడిగింది, నా పిల్ల ఎక్కడుందని. గంట గుడి అయ్యగారు, ‘మనకి తెలీదమ్మా, దేవుడి చిత్తం’ అన్నాడు. అప్పటి ఫాదర్‌గారు, అలాంటి పసిపిల్లలకి ఒక నిమ్మళమైన చోటుంటుంది, అక్కడ నొప్పీ ఉండదు చప్పుడూ ఉండదు అన్నాడు. చాన్నాళ్ళకి రేకుల గుడి వచ్చాక వాళ్ళన్నారట, చంటిపిల్లలకి బాప్తిస్మంతో పనేంటి, తిన్నగా పరలోకమే, అక్కడ ఆడుకుంటూ ఉంటుందని. ఎవర్ని నమ్ముతావక్కా అని అడిగాను. ‘ఎవరిది నిజమో నాకెలా తెలుస్తుందిరా తమ్ముడూ? మూడు చోట్లా కనిపెట్టుకుని ఉంటే ఎక్కడో ఒకచోట తగులుతుంది’ అంది.”

జాన్‌బాబుకి అరవై ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళూ అమ్మకి తనే మొదటివాణ్ణనుకున్నాడు. గేటు దాటి రోడ్డు అవతలికి వెళ్ళి ఆ షెడ్డు ముందు నిలబడ్డాడు. సిమెంటు గచ్చు మీద నీలం క్యాన్లు వరసగా ఉన్నాయి. లోపల మోటరు తిరుగుతోంది. ఎక్కడ చూడాలో తెలియక గచ్చు మొత్తం ఒకసారి చూశాడు.

ప్లాంటతను బయటికొచ్చాడు. “చెప్పండి సార్. కూలింగా, మామూలా?”

జాన్‌బాబు డబ్బుల కోసం జేబు తడుముకున్నాడు. “మామూలుదే,” అన్నాడు.

ఆ క్యాను భుజాన పెట్టుకుని తిరిగొచ్చాడు. మోసేవాళ్ళు దోసిళ్ళు పట్టి తాగారు. ఎలీషాగారు తాగారు. ఫాదర్ తాగారు. బసవయ్య ముఖం కడుక్కుని తాగాడు. ఏడుకొండలు కాసిని నీళ్ళు చేతిలో పోయించుకుని, తాగకుండా అలాగే చూస్తూ ఉండి, తర్వాత తాగాడు. ఎవరూ ఎవరితోనూ వాదించలేదు.

“ఏం చేద్దామండీ?” అంది స్టెల్లా. “వానొచ్చేట్టుంది.”

“ఫాదర్‌గారి దాంట్లో పెట్టేద్దాం,” అన్నాడు జాన్‌బాబు. “అమ్మ అక్కడైతేనే మాట్లాడకుండా కూర్చునేది. అలిసిపోయుంటుంది. కాస్త నిమ్మళంగా ఉండనీ.”

“మరి మీ నాన్నగారి పక్కన...” అన్నారు ఎలీషా.

“గోడే కదండీ అడ్డం.”

మేరీమాత గుడి వైపు దించారు. ఈసారి ముగ్గురు బోధకులూ తలో తాడు పట్టుకున్నారు. ప్రార్థనలన్నీ అయిపోయాయి కాబట్టి ఎవరూ ఏమీ చదవలేదు. ఏడుకొండలు మాత్రం, “వెళ్ళిరా అక్కా. దొరికితే నా పేరు చెప్పు,” అన్నాడు. మాణిక్యం పూడ్చబోతూ పార ఎత్తి, “ఈసారి పెట్టె లోపలే ఉంది కదండీ?” అని అడిగి మరీ మొదలుపెట్టాడు. సగం పూడ్చేసరికి వాన వచ్చింది.

తర్వాత నెలలో రాళ్ళు వచ్చాయి. గంట గుడి వాళ్ళు ఖాళీ సమాధి మీద సంపూర్ణమ్మగారి పేరుతో నల్లరాయి వేయించారు. కమిటీలో తీర్మానం అయిపోయింది, వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. ఫాదర్ అసలు సమాధి మీద తెరేజమ్మ అని సిలువ పెట్టించారు. రేకుల గుడి వాళ్ళు రాళ్ళు పెట్టరు. నీళ్ళ గోతిని మట్టితో నింపి దానిమీద కొబ్బరిమొక్క నాటి, హెప్సిబా మమ్మీగారి చెట్టు అని పేరు పెట్టారు. అది బాగా ఏపుగా వస్తోంది. ఈస్టరు తెల్లవారుజామున ఒకచోట, ఆత్మల పండుగకి ఒకచోట కొవ్వొత్తులు వెలిగించే పని స్టెల్లా మీద పడింది. రెండుసార్లూ అక్కడ అయ్యాక ఆమె వాటర్ ప్లాంటు వైపు కూడా ఒకటి తీసుకెళ్తుంది. గచ్చు మీద పెడితే ప్లాంటతను ఏమీ అనడు. ఆర్పకుండా క్యాన్లు పక్కకి జరుపుకుంటాడు.

జ్ఞాపకార్థ కూడిక మాత్రం అందరికీ కలిపి ఒక్కటే పెట్టారు. ఇంటిముందు షామియానా వేసి, మూడు గుళ్ళ వాళ్ళనీ, పెడన వాళ్ళనీ పిలిచారు. స్త్రీల సమాజం వాళ్ళు ఆవిడ ధైర్యం గురించి చెప్పారు. తాము తిన్న తిట్లు కూడా చెప్పుకున్నారు. ఫాదర్, ఆవిడ మౌనం తనకి చాలా నేర్పిందన్నారు. అది నిజమైన మౌనం కాదని తెలిశాక ఇంకా ఎక్కువ నేర్పిందన్నారు. బసవయ్య చెప్పడం మానేసి కంజీర వాయించాడు. ఏడుకొండలు నాన్న కాలి పుండు కథ మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళిపోతే, ఆయన కొడుకు కూర్చోబెట్టాడు.

చివర్న స్టెల్లాని మాట్లాడమన్నారు. ఆమె మైకు పట్టుకుంది. ఏ గుడి సంగతీ ఆమెకి తెలీదు. తెలిసినదంతా ఇంట్లోదే.

“మా అత్తయ్యగారు కుక్కరు విజిలేస్తే ‘ఆఁ, వస్తన్నా’ అనేవారండీ,” అంది. “వంటింట్లోకి ఎప్పుడూ వచ్చేవారు కాదు. మంచం మీదే ఉండి, ప్రతి విజిలుకీ పలికేవారు. అది కుక్కరు అత్తయ్యగారూ, మిమ్మల్ని కాదు అంటే, ‘ఎవరైతే ఏంటే, పిలిస్తే పలకాలి గదా’ అనేవారు. పప్పుకి మూడు విజిల్సు రావాలండి. నేను లెక్కపెట్టుకునేదాన్ని కాదు. ఆవిడ మూడోసారి ‘వస్తన్నా’ అనగానే స్టవ్ కట్టేసేదాన్ని.”

ముందు నవ్వింది ఫాదర్. తర్వాత గంట గుడి వాళ్ళు, తర్వాత అందరూ. బసవయ్య హల్లెలూయా అనబోయి, ఇక్కడ అనొచ్చో లేదో తెలియక ఆగిపోయాడు. స్టెల్లా కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఇప్పుడు పప్పు రోజూ మాడుతోందని చెబుదామనుకునేలోపే జాన్‌బాబు వచ్చి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

వెనక వరసలోంచి ఎవరో పెరుగు ఇంకా రాలేదని కేకేశారు. స్టెల్లా కళ్ళు తుడుచుకుని వడ్డనకి వెళ్ళింది.